బకెట్ చెవి తెల్లబడితే భయం లేదు, తెల్లబడకుండా విరిగేవాటితోనే తంటా

మీరు అడిగినవి రెండు. బాత్రూం బకెట్‌కి హ్యాండిల్ తగిలించే చెవి దగ్గర నీలం రంగు పోయి తెల్లగా అయింది, అది విరగబోతోందని గుర్తా? మరి మీ అబ్బాయి స్కేలు ఏ తెలుపూ కనపడకుండానే టప్పున ఎందుకు విరిగింది? ఇక్కడ చాలామంది "నాసిరకం మాల్ అండీ, కంపెనీ మార్చండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగం కూడా నిజం కాదు.

ముందు జవాబు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. రంగు ఎక్కడికీ పోలేదు. ఆ చోట ప్లాస్టిక్ లోపల కంటికి ఆననంత చిన్న చిన్న ఖాళీలు లెక్కలేనన్ని పుట్టాయి, వాటికి తగిలిన వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోతోంది కాబట్టి తెల్లగా కనపడుతోంది. పటికబెల్లం పెద్ద పలుకు గాజులా ఉంటుంది, దాన్నే రోట్లో దంచితే తెల్లటి పొడి. సబ్బు నీళ్లకి తెలుపెక్కడిది, నురగకి ఉంది. ఇదీ అంతే.

నాకీ సంగతి పుస్తకంలో తెలియలేదు. జీడిమెట్లలో ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోసే ఒక మౌల్డింగ్ యూనిట్‌లో తొమ్మిదేళ్లు క్వాలిటీ చూశాను. చేరిన కొత్తలో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో నల్లటి కవర్లు నడుస్తున్నాయి. డైలోంచి, అంటే అచ్చులోంచి, పీసుని బయటికి తోయడానికి వెనక నుంచి పిన్నులు వస్తాయి కదా, పీసు సరిగ్గా చల్లారకముందే తోసినా, డైకి పట్టేసినా, ఆ పిన్ను తగిలిన చోట ముందువైపు గుండ్రటి తెల్లమచ్చ పడుతుంది. నల్లటి పీసు మీద పావలా బిళ్లంత తెల్లమచ్చ, ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. నేను ఒక ట్రే మొత్తం రిజెక్ట్ అని పక్కన పెట్టాను. మా ఆపరేటర్ ఒకాయన, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, "ఏంది తమ్ముడూ, గింత దానికే" అని హీట్ గన్ తెచ్చి మచ్చ మీద నాలుగైదు సెకన్లు పట్టాడు. తెలుపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి మాయమైంది. నల్లగా, ఏమీ జరగనట్టు. రంగే పోయి ఉంటే వేడి పెడితే తిరిగెలా వస్తుంది? ఆ రాత్రి ఇంటికెళ్లి దాని గురించి చదవడం మొదలుపెట్టాను.

ఏబీఎస్‌లో జరిగేది ఇది. గట్టి ప్లాస్టిక్ మధ్యలో మెత్తటి రబ్బరు రేణువులు పులిహోరలో పల్లీల్లా చల్లి ఉంటాయి, కాకపోతే ఒక్కోటీ మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్నవి. పీసుని వంచితే ప్రతి రేణువు చుట్టూ ఒక సన్నటి చీలిక మొదలవుతుంది. చీలిక అన్నాను గానీ పూర్తి పగులు కాదు. తీగపాకం రెండు వేళ్ల మధ్య పట్టుకుని విడదీస్తే దారాలు సాగుతాయి చూడండి, ఆ చీలిక రెండు అంచుల మధ్యా ప్లాస్టిక్ అలాగే దారాలుగా సాగి పట్టుకుని ఉంటుంది, దారాల మధ్య ఖాళీ. దీన్ని క్రేజ్ అంటారు. దారాలున్నంతసేపూ అది బరువు మోస్తుంది, అన్నీ తెగితే అప్పుడు పగులు. ఒక్క పెద్ద పగులు పడాల్సిన చోట ఇలాంటి చిన్నవి వేలకి వేలు పుట్టి దెబ్బని పంచుకుంటాయి, అందుకే ఏబీఎస్ అంత తేలిగ్గా విరగదు. ఆ వేలకి వేలే మీ కంటికి తెలుపు. వేడి సుమారు 105 డిగ్రీలు దాటితే సాగిన దారాలు మళ్లీ ముడుచుకుని ఖాళీలు మూసుకుపోతాయి, మచ్చ పోతుంది. (అలాగని మచ్చ పడిన ప్రతి పీసుకీ హీట్ గన్ పట్టడం పద్ధతి కాదు, మెరుపు మారిపోతుంది. చల్లారే టైమ్ రెండు సెకన్లు పెంచి చూడాలి, డైకి పాలిష్ పెట్టించాలి. ఆ గొడవ వేరే.)

ఇప్పుడు స్కేలు. పారదర్శకంగా ఉండే చవక స్కేళ్లు ఎక్కువగా ఉత్త పాలిస్టైరిన్, అందులో రబ్బరు లేదు. ఇంకోటి ఉంటే ట్యూబులైటు కింద పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా వంచి చూడండి, కళ్లకి అడ్డం ఏదైనా పెట్టుకుని. ఒక కోణంలో లోపల వెండి గీతలు తళుక్కుమంటాయి, అన్నీ వంపుకి అడ్డంగానే. అవీ క్రేజులే. కానీ కొన్నే పుడతాయి, పొడుగ్గా పెరుగుతాయి, వాటిలో ఒకదాని దారాలు తెగగానే పగులు మొదలై ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తేస్తుంది. పంచుకునేవాళ్లు లేరు, తెల్లబడే తీరికా లేదు.

మీ బకెట్ పీపీ, అంటే పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అయ్యుంటుంది, లేదా గట్టి పాలిథీన్. పీపీలో కూడా రబ్బరు కలిపిన రకం ఉంటుంది, మా లైన్లో పీపీసీపీ అంటాం, వంచితే ఇదే తెలుపు. ఖర్చు తగ్గించడానికి ఫిల్లర్ పేరుతో సున్నపురాయి పొడి కలుపుతారు, అది ఎక్కువైతే వంగినప్పుడు పొడి రేణువుల చుట్టూ ప్లాస్టిక్ ఊడొచ్చి ఖాళీలు పడతాయి, ఇంకాస్త ముందే తెల్లబడుతుంది. అంటే తెలుపు చూసి మాల్ మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. షాంపూ సీసాకి ఒంటి ముక్కలో ఉండే మూత చూడండి, మడత దగ్గర మొదటిసారి తెరిచినప్పుడే తెల్లబడుతుంది, తర్వాత సీసా ఖాళీ అయ్యేదాకా వందలసార్లు తెరిచి మూసినా తెగదు. మొదటి వంపులోనే అక్కడి పొడుగాటి అణువులు ఒక వరసలోకి సర్దుకుని ఇంకా గట్టిపడతాయి. క్యారీ బ్యాగు ముక్క సాగదీసినా అంతే, ఒక చోట సన్నబడి నడుము వస్తుంది, ఆ నడుము అక్కడే తెగకుండా అటూ ఇటూ పాకుతూ పోతుంది. యూరియా బస్తా నేసే పట్టీలని కావాలనే ఇలా కొన్ని రెట్లు సాగదీస్తారు. పొడుగునా లాగితే చేతులు తెగుతాయి గానీ పట్టీ తెగదు, గోటితో నిలువునా చీలిస్తే మాత్రం దారంలా విడిపోతుంది.

సాగడానికి తీరిక కావాలి. మెల్లగా లాగితే బారెడు సాగే ముక్కే ఒక్క గుంజు గుంజితే పుటుక్కుమంటుంది. చలి కూడా అంతే. రబ్బరు కలపని మామూలు పీపీ సున్నా డిగ్రీల దగ్గరికొస్తే గాజు వేషం వేస్తుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాని గట్టుకేసి కొట్టి మూల పగలగొట్టని ఇల్లు ఉండదు. నైలాన్‌ది ఇంకో తమాషా, దానికి తడి కావాలి. మిషన్లోంచి తీసిన వైర్లు కట్టే కొత్త కేబుల్ ట్యాగులు వంచితే విరిగిపోతాయి, అవే గాలిలోని తేమ పీల్చుకున్నాక లొంగుతాయి, అందుకే కొన్నిచోట్ల నీళ్లలో నానబెడతారు.

నా చేతులారా చేసిన తప్పు ఒకటి చెబుతాను, ఇదే అన్నిటికంటే పనికొచ్చేది. పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ కవర్లు, నాలుగు మూలలా స్క్రూలు బిగించి పంపాలి. కొన్నిటి మీద స్టిక్కర్ జిగురు మిగిలిపోయింది. టైమ్ లేదు, సాయంత్రం బండి. నేనే కుర్రాడికి థిన్నర్ ఇచ్చి తుడిపించాను. నిగనిగలాడాయి. బండి రాలేదు, అది మా అదృష్టం. పొద్దున వచ్చి చూస్తే ప్రతి స్క్రూ చుట్టూ సాలెగూడులా సన్నటి పగుళ్లు, కొన్ని మూలలు వేలితో నొక్కితే ఊడొచ్చాయి. సుత్తితో కొట్టినా విరగని మాల్ అది! స్క్రూ బిగింపు ఒక్కటే అయితే ఏళ్లు మోసేది. బిగింపు లేని చోట థిన్నర్ తుడిచినా ఆ రాత్రి పగలలేదు, కవరు మధ్యలో ఒక్క గీత లేదు. రెండూ కలిసిన చోటే కొంప మునిగింది. లాగి పట్టి ఉన్న అణువుల మధ్యకి ద్రావకం దూరి ఆ పాకం దారాలని జారగొడుతుంది. హెల్మెట్‌ని పెట్రోలుతో తుడవొద్దు అనేది ఇందుకే. వంటనూనె కూడా కొన్నిటికి ఇదే పని చేస్తుంది. ఫ్రిజ్ లోపలి గోడ మూలల్లో నూనె మరకలు అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి అక్కడ పగుళ్లు కనపడొచ్చు.

ఇంక ఎండ. డాబా మీద కుర్చీ కూడా తెల్లబడుతుంది, కానీ అది ఈ తెలుపు కాదు. తేడా తెలియాలంటే వేలితో రుద్దండి. వేలికి పొడి అంటితే అది ఎండ పని: అణువులు ముక్కలై, పైపొర రాలిపోయి, లోపలి ఫిల్లర్ బయటపడింది. అంటకపోతే వంపు తెలుపు. మా డాబా మీద మూడు వేసవులు ఎండిన ఎర్ర కుర్చీ ఒకటి ఉండేది. సంక్రాంతికి మా మామయ్య వచ్చి అందులో కూర్చుని కాఫీ అందుకుంటుండగా వెనక కాలు విరిగింది. ఆయనకి ఏమీ కాలేదు, కాఫీ పోయింది, నాలుగేళ్లయినా ఆ మాట మాత్రం పోలేదు. అందరూ ఆయన్ని లేపుతుంటే నేను విరిగిన కాలు తిప్పి చూస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఏం చేయను, అలవాటు. విరిగిన ముఖం నున్నగా ఉంది, ఎక్కడా సాగిన గుర్తు లేదు, తెలుపు లేదు. కొత్త కుర్చీ అయితే ముందు వంగి, తెల్లబడి, కాలు పక్కకి జరిగి, లేవండి అని చెప్పి మరీ విరిగేది. నీళ్ల ట్యాంకులు నల్లగా ఉండేది కూడా ఈ ఎండ భయంతోనే, అందులో కలిపిన కార్బన్ మసి ఎండని లోపలికి పోనివ్వదు.

ఇక మీ బకెట్. చెవి దగ్గర తెలుపు మాత్రమే ఉండి, గోటితో గీరితే ఎక్కడా తట్టకుండా నున్నగా ఉంటే వాడుకోండి. తెలుపు మధ్యలో గోరు పట్టే గీత కనపడితే, ముఖ్యంగా అది హ్యాండిల్ లాగే దిక్కుకి అడ్డంగా ఉంటే, దారాలు తెగడం మొదలైందన్నమాట, మొక్కలకి నీళ్లు పోయడానికి పక్కన పెట్టండి. ఒక్కటి మాత్రం ఇప్పటినుంచే మానేయండి: గీజర్ నీళ్లు నింపి ఆ హ్యాండిల్ పట్టుకుని మోయడం. వేడికి పీపీ మెత్తబడుతుంది, 20 లీటర్లంటే 20 కిలోలు, చెవి సాగి హ్యాండిల్ జారితే నీళ్లు పడేది మీ కాళ్ల మీదే. చన్నీళ్లు పట్టి, వేడినీళ్లు బకెట్ కదపకుండా ఉన్నచోటే కలుపుకోండి.