ఏరియాకొక చివరి ఆర్డర్: మ్యాక్స్ విలువే ఇస్తుంది, వరసను (రోని) ఇవ్వదు

మీరు ఎస్‌క్యూఎల్‌లో బెంగళూరు ఆర్డర్ల టేబుల్ నుంచి ప్రతి ఏరియాకీ చివరి ఆర్డర్ కావాలన్నారు. గ్రూప్ బై ఏరియా పెట్టి, టైముకీ అమౌంటుకీ మ్యాక్స్ రాస్తే టైము సరిగ్గా, అమౌంటు తప్పుగా వస్తోందన్నారు.

మారతహళ్లి ఏరియా వరసలు మూడు తీసుకుందాం. 498వ ఆర్డర్ సాయంత్రం 6:15కి, 1,450 రూపాయలు. 501వది 7:40కి, 820. 502వది కూడా 7:40కే, 260. మీ క్వెరీ 7:40, 1,450 అని చూపిస్తుంది. అలాంటి ఆర్డరే లేదు. మ్యాక్స్ ఏ కాలమ్‌కి ఆ కాలమ్‌లో విడిగా పెద్దది ఏరుతుంది.

అమౌంటు మీద మ్యాక్స్ తీసేస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 5.7.5 వెర్షన్ నుంచి 1055 ఎర్రర్ వస్తుంది, గ్రూపులో ఏ వరస అమౌంటు ఇవ్వాలో తేలదు కాబట్టి. ఈ తనిఖీ చేసే ఓన్లీ ఫుల్ గ్రూప్ బై మోడ్ ఆపేస్తే ఎర్రర్ పోతుందని చెప్పేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పుడు గ్రూపులో ఏదో ఒక వరసలోని అమౌంటు వచ్చి కూర్చుంటుంది, తప్పు జరిగిందని కూడా తెలియదు. ముందు సబ్‌క్వెరీలో ఆర్డర్ బై పెట్టి, బయట గ్రూప్ బై చేసే పాత చిట్కా కూడా నమ్మదగింది కాదు. క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ఆప్టిమైజర్ ఆ ఆర్డర్ బైని తీసి పారేయగలదు.

ఇలా రాయండి (కీవర్డ్‌లు మాత్రం మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి):

సెలెక్ట్ * ఫ్రమ్ (
సెలెక్ట్ ఓ.*, రో_నంబర్() ఓవర్ (పార్టిషన్ బై ఏరియా ఆర్డర్ బై టైమ్ డెస్క్, ఐడీ డెస్క్) యాజ్ ఆర్ఎన్
ఫ్రమ్ ఆర్డర్స్ ఓ
) టీ వేర్ ఆర్ఎన్ = 1

ఇది ప్రతి ఏరియాలోని ఆర్డర్లకూ కొత్తవి ముందుగా 1, 2, 3 అని నంబరు వేస్తుంది, ఆర్ఎన్ ఆ నంబరే. డెస్క్ అంటే పెద్దది ముందు, ఐడీ అంటే ఆర్డర్ నంబర్. ఇందులో చివరి ఐడీ డెస్క్‌ని వదలకండి. 501, 502 టైము ఒకటే కదా, ఐడీ లేకపోతే ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి రావచ్చు. రెండూ కావాలంటే ఐడీ తీసేసి రో_నంబర్ బదులు, సమానమైనవాటికి ఒకే నంబరిచ్చే ర్యాంక్ వాడండి. ఏది కావాలో ముందే మీ టీమ్‌తో తేల్చుకోండి, అది డేటాబేస్ తేల్చే విషయం కాదు. ఆర్ఎన్ = 1 బయటే ఉండాలి, ఎందుకంటే రో_నంబర్ లాంటి విండో ఫంక్షన్ లెక్క లోపలి వేర్ తర్వాతే జరుగుతుంది.

ఇది మైఎస్‌క్యూఎల్ 8.0, ఎస్‌క్యూలైట్ 3.25, పోస్ట్‌గ్రెస్ 8.4 నుంచి పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఏరియాకొక వరసే ఉంచే డిస్టింక్ట్ ఆన్ (ఏరియా) ఇంకా పొట్టిగా సరిపోతుంది. ఆర్డర్ బైలో మొదటిది ఏరియానే ఉండాలి.

ఆర్డర్ టైము కాకుండా డెలివరీ టైముతో ఆర్డర్ బై పెడితే ఇంకో తిరకాసు ఉంది. డెలివరీ కాని వాటిలో అది నల్, అంటే ఖాళీ. పోస్ట్‌గ్రెస్ డెస్క్‌లో నల్‌ని పైకి తెస్తుంది, కాబట్టి ఇంకా దారిలో ఉన్న ఆర్డరే చివరిదిగా కనిపిస్తుంది. డెస్క్ పక్కన నల్స్ లాస్ట్ చేర్చండి. మైఎస్‌క్యూఎల్‌లో నల్ కిందకే పోతుంది.

నెమ్మదిగా ఉంటే ఏరియా, టైమ్, ఐడీ మూడూ అదే క్రమంలో ఒకే ఇండెక్స్‌గా వేయండి. అప్పటికీ చాలకపోతే, ఏరియాలు నలభై, ఆర్డర్లు కోటి ఉన్నాయనుకోండి, ఏరియాల టేబుల్ నుంచి మొదలుపెట్టి లెఫ్ట్ జాయిన్ ల్యాటరల్‌లో (ఒక్కో ఏరియాకీ లోపలి క్వెరీని విడిగా నడిపేది) అదే ఆర్డర్ బైతో లిమిట్ 1 పెట్టండి. కోటి వరసలూ చదవకుండా ఇండెక్స్‌లో నలభైసార్లు వెతికితే పని అయిపోతుంది, ఒక్క ఆర్డర్ కూడా రాని ఏరియా సైతం జాబితాలో మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి 8.0.14 ఉండాలి.