బ్రిక్ లేన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అక్కడి తిండి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. లండన్ చలిలో బ్రిక్ లేన్ వీధంతా కాలినడకన తిరిగి, కనిపించిన ప్రతి కేఫ్‌లోనూ ఏదో ఒకటి తిన్నావు. నీ ఓపికను మెచ్చుకోవాలి. కానీ 'నోరూరించే' అన్న మాట పేజీకి ఎన్నిసార్లు వచ్చిందో చూసుకున్నావా? రుచిని చెప్పే మాటలు తొందరగా అరిగిపోతాయి. వంటింట్లో జరిగే పని గురించి రాయి, మాటలకు కరువుండదు.

బేగెల్, అదే నడుమ చిల్లున్న గుండ్రటి రొట్టె, బాగుందన్నావు. దాన్ని ముందు మరిగే నీళ్లలో వేసి తీసి, తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు. ఆ సాగుడు, పైన ఆ మెరుపు అందువల్లే. ఇది నీ వ్యాసంలో లేదు. రాత్రి రెండింటికి కూడా ఆ బేగెల్ దుకాణం తెరిచే ఉంటుంది. ఆ వేళకి వెళ్లి, వరుసలో ఎవరెవరున్నారో చూడు. 1880ల నుంచి తూర్పు యూరప్ వదిలి పారిపోయి వచ్చిన యూదులు తెచ్చిన రొట్టె అది. వాళ్ల పిల్లలు, మనవలు చాలామంది వేరే పేటలకు వెళ్లిపోయారు.

ఫోర్నియర్ స్ట్రీట్ మూలన ఉన్న మసీదును ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. 1743లో ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్ క్రైస్తవులు కట్టుకున్న ప్రార్థనా మందిరం అది. 1898లో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం అయింది, 1976లో మసీదు అయింది. ఈ పేటకు ఒకరి తర్వాత ఒకరు వచ్చినవాళ్ల వరుసే నీ వ్యాసానికి కావలసింది, అది అక్కడ ఇటుకల్లో నిలబడి ఉంటే, నువ్వు మెనూ బోర్డులు చదువుకుంటూ వెళ్లిపోయావు.

కర్రీ హౌస్‌ల సంగతీ అంతే. బోర్డు మీద 'ఇండియన్' అని ఉందని అలాగే రాసేశావు. నడిపేవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. కస్టమర్‌కి చికెన్ టిక్కా మసాలా వడ్డిస్తారు సరే, వాళ్ల ఇళ్లలో వండేది వేరు: షాత్‌కొరా అనే నిమ్మజాతి కాయ వేసిన మాంసం కూర, ఎండు చేపలు. మొదటిరోజే ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి, టీ తాగుతూ మన ఎండు చేపల కబురెత్తి చూడు.

కొత్త కేఫ్‌లను వెక్కిరించడం మాత్రం మానెయ్. 2014లో అక్కడ సీరియల్ కిల్లర్ కేఫ్ అని ఒకటి తెరిచారు, గిన్నెలో సీరియల్, అంటే కార్న్‌ఫ్లేక్స్ లాంటివి వేసి, పాలు పోసి అమ్మేవాళ్లు. పేట ఖరీదెక్కిపోతోందన్న కోపంతో 2015లో నిరసనకారులు దానిమీద రంగు చల్లారు. 2020లో అది మూతపడింది. నన్నడిగితే ఆ కోపం తగలాల్సింది అద్దె పెంచే బిల్డింగు ఓనరుకి. ఆయన మాత్రం ఏ తిండి వ్యాసంలోనూ కనబడడు. నీ దాంట్లో కనబడితే సంతోషిస్తాను.

డబ్బిచ్చే తిను. ఫ్రీగా తింటే రాసేటప్పుడు మొహమాటం అడ్డొస్తుంది. పనివాళ్లని అడక్కుండా వాళ్ల పేర్లు రాయకు, వీసా కాగితాల టెన్షన్ ఉన్నవాళ్లుంటారు. ఈసారి ఒకే దుకాణం, ఒకే వంటకం తీసుకుని రెండు పేజీల్లో రాసి పంపు.

ఇట్లు,
అన్నయ్య