పాత పికప్‌లో మీటర్లు తప్పు చూపిస్తుంటే: చెన్నైకి కొత్తగా వచ్చిన సోదరునికి జవాబు

నెల్లూరు వైపు నుంచి ఈమధ్యే వచ్చి, మాధవరంలో ఉంటూ కోయంబేడుకు కూరగాయలు తోలుతున్న ఒక సోదరుడు, తాను కొన్న పాత పికప్‌లో డీజిల్ మీటరు, హీట్ మీటరు రెండూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయనీ, మీటరు బోర్డు మొత్తం మార్చాలని షెడ్డులో చెప్పారనీ రాసి, ఏం చేయాలో చెప్పమన్నారు. బోర్డు ఇప్పుడే మార్పించవద్దు. రెండు మీటర్లు ఒకేసారి విడివిడిగా చెడిపోవడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజో, ఎర్త్ వైరో, పాత బళ్ళలో మీటర్లకు నిలకడగా ఓల్టేజీ ఇచ్చే స్టెబిలైజరో చెడి ఉంటుంది. రెండు ముళ్ళూ కలిసి పడిపోతే ముందు ఫ్యూజును, కలిసి పైకి ఎక్కితే స్టెబిలైజరును, దాని ఎర్త్‌ను చూడాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. ఈ ఊరు వచ్చిన కొత్తలో నా బండికి రాత్రి హెడ్‌లైట్లు వేయగానే హీట్ ముల్లు పైకి లేచేది. రేడియేటర్ కడిగించాను, థర్మోస్టాట్ మార్పించాను, రెండు నెలల సంపాదన దానికే పోయింది. చివరికి ఒక పెద్దాయన బోర్డు వెనక ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించారు. అంతటితో ముల్లు దిగింది. లైట్లు లాగే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి తుప్పుతో ఇరుకైతే, బోర్డు ఎర్త్ దగ్గర ఓల్టేజీ లేస్తుంది, అప్పుడు మీటరు అబద్ధం చెబుతుంది. ఇండికేటర్ వెలిగి ఆరినప్పుడల్లా ముల్లు దానితో పాటు కొట్టుకుంటున్నా అనుమానించవలసింది ఎర్త్‌నే.

చెన్నైలో ఈ జబ్బు ఎక్కువ. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి వైర్ల కొసలను తినేస్తాయి. దానికి తోడు 2015 డిసెంబరు వరదల్లోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోను ఎన్నో బళ్ళు నీట మునిగాయి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు కాళ్ళ కింది మ్యాటు ఎత్తి బురద మరకలున్నాయేమో, కనెక్టర్లు ఊడదీసి లోపల పచ్చని చిలుము పట్టిందేమో తప్పకుండా చూడాలి.

ఓల్టేజీ కొలిచే చవకైన మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి. హెడ్‌లైట్లు వేసి, దాని ఒక కొసను బ్యాటరీ నెగటివ్ దగ్గర, రెండో కొసను బోర్డు ఎర్త్ దగ్గర ఆనించినప్పుడు 0.2 ఓల్టులకు మించి చూపితే ఎర్త్ బాగాలేదని అర్థం. నిండుగా చార్జి అయిన బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 ఓల్టులు చూపాలి. 15 దాటితే లోపం బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ది.

ఒక్క మీటరే తప్పు చూపిస్తే పద్ధతి వేరు. తాళం ఆఫ్ చేసి, సెండర్ (ట్యాంకులోనో ఇంజన్ మీదో ఉండి మీటరుకు కొలత పంపే భాగం) వైరు ఊడదీయండి. తాళం ఆన్ చేసి, ఆ వైరు కొసను బండి బాడీలోని శుభ్రమైన ఇనుముకు ఒక్క క్షణం తాకించండి. ముల్లు ఒక చివరి నుంచి రెండో చివరికి కదిలితే మీటరు, వైరు రెండూ బాగున్నట్టే, లోపం సెండర్‌లో ఉంది. కదలకపోతే వైరునో మీటరునో వెతకాలి. ఒకే వైరున్న పాత రకం సెండర్లకే ఈ పరీక్ష చేయాలి. కంప్యూటరు ఉన్న కొత్త బళ్ళలో చేస్తే నష్టం జరగవచ్చు. ట్యాంకు దగ్గర మాత్రం నిప్పురవ్వ పుట్టకుండా, వైరును దూరంగా లాగి తాకించండి. ట్యాంకులో డీజిల్ మీద తేలే ఫ్లోటుకు చిల్లు పడి మునిగితే మీటరు ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంది, ట్యాంకు లోపలి తీగ అరిగితే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. స్పీడోమీటర్ ముల్లు వణికితే చాలావరకు కేబుల్ ఎండిపోయిందనో మెలిక పడిందనో అనుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మీటరును అనుమానించవద్దు. ఆయిల్ ప్రెషర్ ముల్లు పడినా, ఆయిల్ దీపం వెలిగినా బండిని వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేసి, డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ సరిపడా ఉంటే మెకానికల్ గేజి బిగించి అసలు ప్రెషర్ ఎంతో తెలుసుకున్న తరువాతే సెండర్ మీద నింద వేయాలి. హీట్ ముల్లు ఎర్రగీత తాకినప్పుడూ అంతే. మే నెల కత్తిరి ఎండలో జీఎన్‌టీ రోడ్డు ట్రాఫిక్‌లో నిలిచిన ఇంజన్ నిజంగానే కాగుతుంది. రేడియేటర్ మూతను వేడి మీద తెరవవద్దు.

షెడ్డుకు వెళ్ళినప్పుడు ఫలానా పార్టు మార్చమని అడగకండి, ముల్లు ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పండి. అరవం రాదని జంకనక్కరలేదు. మీటరు ముల్లును ఇక్కడివారూ ముల్లు అనే అంటారు. "లైట్ పోట్టా ముల్లు ఏరుదు" (లైటు వేస్తే ముల్లు పైకి లేస్తోంది) అంటే చాలు, తెలిసిన మెకానిక్ నేరుగా ఎర్త్ దగ్గరికి వెళతాడు. సెండర్ మార్చక తప్పకపోతే పుదుపేటలో పాతవి, జీపీ రోడ్డులో కొత్తవి దొరుకుతాయి. పాతదాన్ని విప్పి చేత పట్టుకుని వెళ్ళండి. మీ బండి మోడలుకు చెందినదే కావాలని పట్టుబట్టండి, ఎందుకంటే సెండర్ రెసిస్టెన్సు మీటరుతో సరిపడకపోతే మరతో బిగిసినా సగం ట్యాంకును పావు అనో ముప్పావు అనో చూపిస్తుంది.