నవ్వాలా వద్దా అని అడిగారు, ఖాతాలో ఎంత ఉందో చెప్పలేదు

సందేహం: నేను ఫిలడెల్ఫియాలో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఆఫీసు విందులో 1983 నాటి ‘ట్రేడింగ్ ప్లేసెస్’ సినిమా ప్రస్తావన వచ్చింది. అంతటి హాస్యచిత్రం మళ్లీ రాలేదని మా మేనేజరు అన్నారు. దాన్ని చివరిదాకా చూడలేనని ఒక ఆఫ్రికన్ అమెరికన్ సహోద్యోగిని అన్నారు. అది ఒంటిరంగు గురించి కాదు, డబ్బున్నవాళ్ల గురించి అని ఇంకొకరు వాదించారు. వచ్చే వారం అందరం కలిసి చూడబోతున్నాం. నేను ఎవరి పక్షాన మాట్లాడాలి? కొత్త కారు కొనే పనిలో ఉన్నందున ముందుగా చూసే తీరిక లేదు.

జవాబు: నేను ఆ సినిమాను మొదటిసారి 1999 డిసెంబరులో, నలుగురం సర్దుకుని ఉంటున్న అపార్ట్‌మెంటులో, ఎవరో వదిలేసి వెళ్లిన టీవీలో చూశాను. కథ జరిగేది మీరుంటున్న ఊళ్లోనే. డ్యూక్ సోదరులనే ఇద్దరు ముసలి కమోడిటీ (పంటలు, మాంసం లాంటి సరుకుల) వ్యాపారులు ఒక్క డాలరు పందెం కాసి, తమ సంస్థ నడిపే లూయీ అనే శ్వేతజాతి యువకుణ్ని దొంగగా చిత్రించి వీధిపాలు చేస్తారు, వీధిలో అడుక్కుని బతికే బిల్లీ రే అనే నల్లజాతి యువకుణ్ని అతని కుర్చీలో కూర్చోబెడతారు. మనిషిని మలిచేది పుట్టుకా, పరిస్థితులా అన్నది వారి పందెం. మనవాళ్లకు ఈ చర్చ కొత్తది కాదు, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

ఆ రోజుల్లో నాకు కారు లేదు. మా ఆఫీసు భవనంలో కాపలా పని చేసే ఒక పెద్దాయన, ఆఫ్రికన్ అమెరికన్, చలికాలం పొద్దున్నే నన్ను బస్టాపు దగ్గర ఎక్కించుకుని తీసుకువెళ్లేవాడు. సినిమాలో లూయీ ముఖానికి నల్లరంగు పూసుకుని, జడలు కట్టిన విగ్గు పెట్టుకుని, జమైకా యాస మాట్లాడే రైలు సన్నివేశం ఒకటి ఉంది. మర్నాడు ఆయన కారులో కూర్చుని, పెద్ద ఘనకార్యం చేస్తున్నట్లు, ఆ యాసను అనుకరించి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, రేడియో కట్టేసి ఆఫీసు దాకా నడిపాడు, దిగేటప్పుడు మాత్రం మీ దేశంలో కూడా ఇలా రంగు పూసుకుని నవ్వుకుంటారా అని అడిగాడు. లేదని తడుముకోకుండా చెప్పాను. చెప్పిన తరువాత మన సినిమాల్లో తెల్లని హీరోయిన్లకు మసి రంగు పూసి పల్లెటూరి పిల్లలుగా చూపించడమూ, హాస్యనటుల నలుపు మీద వేసే జోకులూ గుర్తొచ్చాయి. ఆ వారమంతా మంచులో నడిచే వెళ్లాను.

కనుక ఆ సన్నివేశం వచ్చినప్పుడు మీరు ఆ సహోద్యోగినికి “కామెడీయే కదా” అని మాత్రం అనకండి. ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే అడగకండి.

మీ మేనేజరు మాటనూ కొట్టిపారేయలేను. బిల్లీ రేగా నటించిన ఎడ్డీ మర్ఫీకి అప్పటికి 22 ఏళ్లు. పంది పొట్ట మాంసం అంటే ఏమిటో, అది ఏ శాండ్‌విచ్‌లో కనిపిస్తుందో డ్యూక్‌లు పసిపిల్లవాడికి చెప్పినట్లు చెబుతుంటే, అతను తల తిప్పి నేరుగా కెమెరా వైపు, అంటే మన వైపు చూస్తాడు. నేను చేరిన కొత్తలో ఒక సీనియరు నాకు జిరాక్సు యంత్రం ఎలా వాడాలో పావుగంట వివరించినప్పుడు, అలా చూడటానికి నాకొక కెమెరా లేకపోయింది. ఎవరి పక్షాన మాట్లాడాలో తేలకపోతే ఆ చూపు గురించి మాట్లాడండి, అక్కడ ముగ్గురూ ఏకీభవించవచ్చు.

మూడో వ్యక్తి చెప్పినది సగమే సరి. తొలి దృశ్యాల వెనుక వినిపించే సంగీతం, సేవకుడు యజమానిని బోల్తా కొట్టించే మొజార్ట్ సంగీత నాటకం ‘ఫిగారో పెళ్లి’లోది, కాబట్టి వర్గం సంగతి మొదటి నుంచీ ఉంది. అయితే పందెం ముగిశాక, ఎంత సమర్థుడైనా నల్లవాడికి తమ సంస్థను అప్పగించబోమని డ్యూక్‌లు బాత్రూములో అసహ్యమైన మాటతో చెప్పుకుంటారు, బిల్లీ రే చాటున ఉండి వింటాడు. అంత విన్న ప్రేక్షకుడు ఇది డబ్బు కథ మాత్రమేనని ఎలా అనగలడో నాకు తెలియదు.

ఇక వీరెవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. 2001లో నన్ను రప్పించిన కన్సల్టెన్సీ తొమ్మిది వారాలు పని ఇవ్వకుండా, జీతం ఆపి బెంచ్ మీద కూర్చోబెట్టింది. అప్పటికి నేను కొత్త కారు కొన్నాను, ఊళ్లో ఇంటిపైన అంతస్తు వేయించాను, ఖాతాలో 1,100 డాలర్లు మిగిలాయి. వారం వారం భోజనాలకు పిలిచే మిత్రుల ఫోన్లు, లూయీ క్లబ్బు మిత్రుల పలకరింపుల్లాగే, ఆగిపోయాయి. మామగారు పెట్టిన గొలుసును తాకట్టు దుకాణానికి తీసుకుపోతే, అక్కడివాడు తూచి, బంగారం ధరలో సగం కూడా చెప్పలేదు. ఆ చలికాలమే సినిమాను రెండోసారి చూశాను. బ్యాంకువాళ్లు కార్డులు లాగేసుకోవడంతో లూయీ, ప్రపంచంలోని పలు నగరాల సమయం చూపే ఖరీదైన చేతిగడియారాన్ని తాకట్టుకు తెస్తే, ఫిలడెల్ఫియాలో దాని విలువ 50 డాలర్లేనంటాడు దుకాణదారు. అందరూ నవ్వే ఆ చోట నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు హెచ్-1బి ఉద్యోగ వీసా వారికి ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువుంది, వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మాకు అదీ లేదు, అయినా నెట్టుకొచ్చాం.

ఆ సినిమాలో నేను గౌరవించే పాత్ర, వీధిపాలైన లూయీకి ఆశ్రయమిచ్చే ఒఫీలియా. వేశ్యావృత్తిలో ఉన్నా, 42 వేల డాలర్లు కూడబెట్టి, ఎన్నేళ్లకు విరమించాలో లెక్క వేసుకున్న మనిషి ఆమె. క్లబ్బులో పుట్టి పెరిగిన లూయీకి ఆ లెక్క లేదు. చివర్లో డ్యూక్‌లను దెబ్బతీయడానికి లూయీ, బిల్లీ రే ఏకమైనప్పుడు, ఆమె, లూయీ ఇంటి బట్లర్ కోల్‌మన్ తమ జీవితకాలపు పొదుపును ఒక్క రోజు నారింజరసం ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) మీద పెట్టించడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రభుత్వ పంట నివేదికను ముందే సంపాదించి చేసే అలాంటి వ్యాపారాన్ని నిషేధించిన 2010 నాటి నిబంధనకు ఎడ్డీ మర్ఫీ పేరే వాడుకలో స్థిరపడింది. గెలిచారు కనుక మనం చప్పట్లు కొడతాం.

సినిమా చూడటానికి రెండు గంటలు పడుతుంది, కారు డీలరు దగ్గర అంతకన్నా ఎక్కువసేపే కూర్చోబెడతారు. ముందు సినిమా చూసి, ఆరు నెలల అద్దె ఖాతాలో ఉందో లేదో రాయండి. కారు సంగతి ఆ తరువాత మాట్లాడదాం.