నష్టం ఫండ్‌లో లేదు, ఫార్ములాలో ఉంది

ప్రశ్న: ఒక మిడ్‌క్యాప్ ఫండ్‌లో నెలకు రూ.5,000 చొప్పున 24 నెలలుగా సిప్ చేస్తున్నాను. యాంఫి (మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం) ఇచ్చే ఎన్‌ఏవీల (ఒక్కో యూనిట్ విలువల) జాబితాను ఎక్సెల్‌లో పెట్టుకుని, పట్టికలోంచి విలువను వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాతో లెక్కిస్తే, నా పెట్టుబడి విలువ రూ.99,330 అని వస్తోంది. సిప్ ఆపి, మొత్తం వెనక్కి తీసుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటారా? - ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: దయచేసి ఇప్పుడేమీ అమ్మకండి. మీరు పంపిన షీటును, మీ ఫండ్లన్నిటి వివరాలుండే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంటును పక్కపక్కన పెట్టి చూశాను. మీ యూనిట్లు 2,150. స్టేట్‌మెంటులో ఎన్‌ఏవీ రూ.61.80 ఉంటే, షీటులో రూ.46.20 ఉంది. అసలు విలువ రూ.1,32,870. కట్టిన రూ.1,20,000 మీద మీరు రూ.12,870 లాభంలో ఉన్నారు. షీటులోకి వచ్చిన 46.20 అదే జాబితాలోని మరో పథకానిది.

వీలుకప్‌కు నాలుగు విషయాలు చెప్పాలి: దేన్ని వెతకాలి, ఏ పట్టికలో, ఎన్నో కాలమ్ నుంచి తేవాలి, అచ్చంగా అదే కావాలా లేక దగ్గరిది చాలా. మీరు మూడే చెప్పారు. నాలుగోది వదిలేస్తే దగ్గరిది చాలని ఎక్సెల్ అనుకుంటుంది. పేర్లన్నీ అక్షర క్రమంలో ఉన్నాయని నమ్మి, నిఘంటువును మధ్యకు తెరిచి ముందుకో వెనక్కో జరిగినట్టు వెతుకుతుంది. యాంఫి జాబితా ఫండ్ సంస్థల వారీగా గుంపులుగా ఉంటుంది కాబట్టి ఆ వెతుకులాట ఎక్కడో తప్పిపోయి, మరో వరుసలోని అంకెను తెచ్చి పెడుతుంది. దోషమైనా చూపదు. చూపి ఉంటే మీరే ఆగి సరిచూసుకునేవారు.

ఫార్ములా చివర, బ్రాకెట్ మూసే ముందు కామా పెట్టి 0 చేర్చండి. అచ్చంగా అదే కావాలని దానర్థం. ఎక్సెల్ 2021 గానీ, మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే వీలుకప్‌కు బదులు ఎక్స్‌లుకప్ వాడండి. అది మీరు అడగకపోయినా అచ్చంగా సరిపోయేదాన్నే వెతుకుతుంది.

అంతకన్నా ముఖ్యం, పథకం పేరుతో వెతకడం మానేయండి. ఒకే ఫండ్‌కు డైరెక్ట్, రెగ్యులర్, గ్రోత్, ఐడీసీడబ్ల్యూ (డబ్బు మధ్యమధ్యలో పంచే రకం) అంటూ దాదాపు ఒకేలా ఉండే పేర్లుంటాయి. వాటి ఎన్‌ఏవీలు మాత్రం వేరు. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒక్కటున్నా పోలిక కుదరదు. ఈ రకాల్లో ప్రతిదానికీ ఐసిన్ అనే విడి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 12. మ్యూచువల్ ఫండ్లకు అది ఐఎన్‌ఎఫ్‌తో మొదలవుతుంది. మీ స్టేట్‌మెంటులోనూ, యాంఫి జాబితాలోనూ ఉంది. దాన్ని కాపీ చేసి అతికించండి, చేత్తో టైపు చేయకండి.

ఇంకొకటి గమనించాను. మరో రెండు ఫండ్ల దగ్గర దోషం కనిపించకుండా, దాని బదులు మరొకటి చూపించే ఇఫ్‌ఎర్రర్ ఫార్ములాతో 0 వచ్చేలా పెట్టారు. ఆ ఫండ్ల విలువ మొత్తంలో కలవడమే లేదు. ఇఫ్‌ఎర్రర్‌లోని ఆ 0 తీసేసి 'దొరకలేదు' అని రాయించండి.

దగ్గరి విలువ పద్ధతి పనికిరానిదేమీ కాదు. ఆదాయపు పన్ను శ్లాబులకు అదే సరైనది. 2025-26 కొత్త విధానంలో 0, 4, 8, 12, 16, 20, 24 లక్షలను ఆరోహణ క్రమంలో, పక్కన వాటి పన్ను రేట్లతో రాసుకుంటే, రూ.9.5 లక్షలకు వీలుకప్ 8 లక్షల వరుసకు వెళ్లి ఆ శ్లాబు రేటు 10 శాతం తెస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది షేర్లలో మదుపు చేసే ఈక్విటీ ఫండ్. ప్రతి సిప్ వాయిదాకూ కాలవ్యవధి విడిగా లెక్కిస్తారు. ఇప్పుడు మొత్తం అమ్మితే, ఏడాది నిండని వాయిదాలపై వచ్చిన లాభానికి 20 శాతం పన్ను పడుతుంది. లేని నష్టానికి భయపడి, ఉన్న లాభం మీద పన్ను కట్టినట్టవుతుంది. సిప్ కొనసాగించండి. షీటు సరిచేశాక ఒకే తేదీ ఎన్‌ఏవీలతో ప్రతి ఫండ్ విలువనూ స్టేట్‌మెంటుతో పోల్చండి. పైసలతో సహా కలిశాక, వాయిదాల తేదీలను బట్టి లెక్కగట్టే ఎక్సెల్ ఫార్ములా ఎక్స్‌ఐఆర్‌ఆర్‌తో వార్షిక రాబడి లెక్కించి, మరో మూడు మిడ్‌క్యాప్ ఫండ్ల రాబడి పక్కన పెట్టి నాకు రాయండి. ఈ ఫండ్ ఉంచాలా మార్చాలా అన్నది అప్పుడు చూద్దాం.