శుక్లం ఆపరేషన్ అయ్యాక చూపు మళ్లీ మసకబారితే శుక్లం తిరిగొచ్చినట్టేనా?

కాదు, తీసేసిన శుక్లం మళ్లీ రాదు. ఇలాంటప్పుడు ఎక్కువగా మసకబారేది ఆపరేషన్‌లో పెట్టిన కొత్త లెన్స్ వెనక ఉండే పొర.

శుక్లం అంటే కంట్లో పుట్టుకతో ఉన్న లెన్స్ మసకబారడం. ఆపరేషన్‌లో ఆ లెన్స్‌ను తీసేస్తారు కానీ, దాని చుట్టూ ఉండే పలచటి సంచిని చాలావరకు అలాగే ఉంచుతారు. కొత్త లెన్స్ నిలబడాలంటే అదే ఆధారం. ఆ సంచి గోడకు మిగిలిపోయిన కొన్ని కణాలు నెలల్లోనో, ఏళ్లకో పెరిగి ఆ సంచి వెనక పొర మీదకు పాకుతాయి, వెలుతురుకు అడ్డుపడతాయి. ఆపరేషన్ చక్కగా జరిగినా ఇది రావచ్చు, డాక్టర్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు.

ఉదాహరణకు, ఆపరేషన్ అయిన రెండేళ్లకు ఒక పెద్దాయనకు పేపర్లో అక్షరాలు అలుక్కుపోయినట్టు, రాత్రిపూట బండ్ల లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయనుకోండి. పరీక్షలో పొరే కారణమని తేలితే యాగ్ అనే రకం లేజర్ కిరణంతో దాని మధ్యలో చిన్న దారి చేస్తారు. కోత, కుట్లు ఉండవు. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

చాలామంది లెన్స్ పాడైందనుకుని, మళ్లీ ఆపరేషన్ అంటారేమోనన్న భయంతో ఏళ్ల తరబడి మసక చూపుతోనే నెట్టుకొస్తారు. అంత ఇబ్బంది పడక్కర్లేదు. ఆ లెన్స్ మామూలుగా జీవితాంతం ఉంటుంది. అయితే చూపు హఠాత్తుగా తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, మెరుపులు కనిపించినా అది వేరే సమస్య కావచ్చు. ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించండి.