గడ్డకట్టే సరస్సుల చదువుకు గుంటూరు కాలువ చాలు

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీజడ్‌సీ ఫైనలియర్. చలికాలంలో గడ్డకట్టే సరస్సుల్లో ప్లాంక్టన్ (ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చూసి ఆ నీటి ఆరోగ్యం చెప్పే చదువు చదువుతానంటోంది. మంచు ముఖమే చూడని ఊళ్లో ఉండి ఇది అయ్యే పనేనా? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అవుతుందండీ. ఈ పనిలో ఎక్కువ భాగం మైక్రోస్కోపు దగ్గరే, దాన్ని ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

వారానికోసారి ఒకే చోట, ఒకే వేళకు కాలువలోనో చెరువులోనో లీటరు నీళ్లు పట్టమనండి. గట్టు మీదే లుగోల్స్ అయోడిన్ (ప్లవకాల్ని చంపి చెడకుండా నిలవుంచే ద్రావణం) కలిపెయ్యాలి. వంద మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు చొప్పున పోస్తే నీళ్లు పల్చటి టీ డికాషన్ రంగుకొస్తాయి. ఇంటికెళ్లి కలుపుదాంలే అనుకుంటే దారిలోనే జంతు ప్లవకాలు నాచు కణాల్ని తినేస్తాయి, లెక్క తప్పుతుంది. రెండు రోజులు చీకట్లో కదపకుండా ఉంచి, పైనీళ్లు సన్నటి గొట్టంతో మెల్లగా లాగేసి, అడుగున 10 మి.లీ. మిగల్చాలి. దాన్ని బాగా కలిపి, 1 మి.లీ. పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ సెల్‌లో (వెయ్యి గళ్లున్న లెక్కింపు స్లయిడ్) పోసి లెక్కపెట్టాలి. వెయ్యి గళ్లలో వచ్చిన మొత్తాన్ని పదితో గుణిస్తే లీటరుకు ఎన్నో తెలుస్తుంది. ఈ సెల్ లోతు ఒక మిల్లీమీటరు కాబట్టి 40ఎక్స్ లెన్సు దాని మీద పనిచేయదు. చిన్న కణాల్ని గుర్తుపట్టడానికి మామూలు స్లయిడ్ మీద వేరే చుక్క వేసుకోవాలి. అదే సీసాలోంచి మూడుసార్లు తీసి లెక్కపెట్టినప్పుడు అంకెలు బొత్తిగా పొంతన లేకుండా వస్తే, సీసా సరిగ్గా కలపలేదన్నమాట.

నాచును బట్టి నీటి కాలుష్యాన్ని అంచనా వేసే పద్ధతి ఒకటుంది. 1969లో వచ్చిన ఈ పామర్ సూచీలో ఒక్కో నాచు ప్రజాతికి మార్కులుంటాయి. యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5. మొత్తం 20 గానీ అంతకు మించి గానీ ఉంటే సేంద్రియ కాలుష్యం ఎక్కువని అర్థం. అయితే ఈ మార్కుల్ని పట్టుకెళ్లి మంచుగడ్డ కింది నీటికి అంటగడితే బోల్తా పడతారు.

జనవరిలో ప్లవకాలు తక్కువ కనిపించినంత మాత్రాన సరస్సు శుభ్రంగా ఉన్నట్టు కాదు. గడ్డ (ఐస్) మీద పడ్డ మంచు (స్నో) పొర వెలుతురు ఆపేసి ఉండొచ్చు. గడ్డ తేటగా ఉండి వెలుతురు దిగితే గడ్డ కిందా డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు) విపరీతంగా పెరుగుతాయి, రష్యాలోని బైకాల్ సరస్సులో జరిగేది అదే. పైగా 4 డిగ్రీల నీరు బరువెక్కువ కాబట్టి అడుగున ఉంటుంది. అక్కడ కుళ్లే పదార్థం ఆక్సిజన్ లాగేస్తుంటే, పై నుంచి కొత్తది దిగదు. అందుకే గడ్డ మందం, మంచు మందం, లోతువారీగా ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రాయకపోతే ప్లవకాల అంకె ఒక్కటీ ఎందుకూ కొరగాదు. గడ్డకట్టకముందు, గడ్డ కింద, కరిగాక, మూడుసార్లూ నీళ్లు పట్టాలి. అక్కడ గాజుసీసా నిండా నీళ్లు పోస్తే గడ్డకట్టి పగులుతుంది, కణాలూ చితుకుతాయి. ప్లాస్టిక్ సీసా వాడి, కాస్త ఖాళీ వదిలి, థర్మోకోల్ పెట్టెలో తేవాలి.

ఇక చదువు. ఏపీ పీజీసెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలో జువాలజీ గానీ పర్యావరణ శాస్త్రం గానీ చేయొచ్చు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్. లద్దాఖ్‌లో పాంగాంగ్, త్సో మొరీరీ చలికాలంలో గడ్డకడతాయి. అంటార్కిటికా పరిశోధన చేసే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం గోవాలో ఉంది. శాశ్వత ఉద్యోగాలు మాత్రం కొద్దే, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. అదీ కుదరకపోతే భీమవరం, కైకలూరు వైపు ఆక్వా ల్యాబుల్లో చెరువు నీటి ప్లాంక్టన్ లెక్క రోజూ అవసరమే, చేతికొచ్చిన పని ఊరికే పోదు.

మైక్రోస్కోపు ఇప్పుడే కొనకండి. కాలేజీ ల్యాబ్‌లో అడిగితే సాయంత్రాలు ఇస్తారేమో చూడండి. సెల్, పిపెట్, అయోడిన్ ఉంటే ఈ ఏడాదికి సరిపోతుంది.